నీళ్ళు రాకుండానే మునిగిన ఊరు

"జర్మనీ పోయి ఏం చూసినావురా?" అని మా అన్న అడిగాడు. నేను కర్నూలు చేరి రెండు రోజులైంది, పెట్టెలు ఇంకా విప్పలేదు. "ముంపు ఊరు చూసినా" అన్నాను. "ఆడ కూడా డ్యాము కట్టినారా?" అన్నాడు. డ్యాము ఉంది గానీ ఊరు పోయింది దానివల్ల కాదు. అది చెప్పడం మొదలుపెడితే రాత్రి పదకొండయింది. ఆయనకు చెప్పిందే మర్చిపోకముందు రాసి పెడుతున్నాను.

ముందు మా సంగతి. మాది కృష్ణ ఒడ్డు. 1981 ఎండాకాలంలో శ్రీశైలం రిజర్వాయరు కోసం ఖాళీ చేయించిన వంద దాకా ఊళ్ళలో మాదీ ఒకటి. అప్పటికి నాకు ఇరవై ఒక్క ఏళ్ళు. తర్వాత కరెంటు డిపార్టుమెంటులో హెల్పరుగా చేరి, లైన్ ఇన్‌స్పెక్టరుగా 2020లో రిటైరయ్యాను. మా ఊరిని ముంచిన నీళ్ళతో తయారయ్యే కరెంటు కోసమే స్తంభాలెక్కాను. మా అన్నయితే ముంపు బాధితులకు ఉద్యోగాలిస్తామన్న 98 జీవో కాగితాలు పట్టుకుని తిరిగి తిరిగి, వయసు మీరిపోయి మానేశాడు.

మా అమ్మాయి వాళ్ళు ఆఖెన్‌లో ఉంటారు. పురుడు పోయడానికి మా ఆవిడ వెళ్ళింది, సామాన్లకు తోడు నేను వెళ్ళాను. అక్కడ నాకు పనేమీ లేదు. బాల్కనీలో కూర్చుని ఎదురింటి మీటరు పెట్టె చూస్తూ కూర్చోవడం అల్లుడు గమనించినట్టున్నాడు. మే నెలాఖరులో పండగ సెలవు, వారాంతం కలిసి నాలుగు రోజులు ఖాళీ వస్తే, "మామా, మీకు నచ్చే చోటు ఒకటుంది, పోదాం" అన్నాడు. మా ఆవిడ పులిహోర కట్టిచ్చింది.

మే 29, గురువారం. హైంబాఖ్

ఆఖెన్‌కి దక్షిణాన ఐఫెల్ అనే కొండల ప్రాంతం ఉంది. మన నల్లమలంత కరుకు కాదు, పచ్చగా, మెత్తగా దొర్లుతున్నట్టు ఉంటాయి కొండలు. హైంబాఖ్ అక్కడ రూర్ నది ఒడ్డున చిన్న ఊరు.

అల్లుడు నన్ను నేరుగా పవర్ హౌస్ దగ్గరికి తీసుకెళ్ళాడు. చూడగానే ఏదో జమీందారు కట్టించిన నాట్యశాల అనుకున్నాను. వంపులు తిరిగిన కప్పు, నిలువెత్తు కిటికీలు. 1905 నాటి జలవిద్యుత్ కేంద్రం. కొండకు అవతల ఉర్ఫ్ట్ నది మీద 1900 నుంచి 1905 దాకా 58 మీటర్ల ఎత్తున రాతి డ్యాము కట్టారు. ఒట్టో ఇన్‌ట్సె అనే ఇంజనీరు డిజైను. ఆ నీటిని కొండ కింద సుమారు 2.7 కిలోమీటర్ల సొరంగంలోంచి ఇక్కడికి తెచ్చి టర్బైన్లు తిప్పారు. కట్టిన రోజుల్లో యూరప్‌లో అంత పెద్ద రిజర్వాయరు ఇంకోటి లేదట. ఎన్ని టీఎంసీలో లెక్క కట్టాను. టీఎంసీన్నర కంటే కాస్త ఎక్కువ! శ్రీశైలంలో రెండు వందల పైచిలుకు టీఎంసీలు చూసినవాడికి నవ్వొస్తుంది. కానీ 1905లో మన దగ్గర ఎన్ని ఊళ్ళలో బల్బు వెలిగిందని అడిగితే ఆ నవ్వు ఆగిపోతుంది.

సెలవు రోజు కాబట్టి లోపలికి వెళ్ళడానికి లేదు. చిన్నపిల్లాడిలా అద్దానికి ముక్కు ఆనించి ఎంత కనిపిస్తే అంత చూశాను. 1998 నుంచి ఈ హాల్లో జూన్ నెలలో సంగీతోత్సవం జరుపుతున్నారు. దాని పేరు 'ష్పానుంగెన్'. ఆ మాటకు వోల్టేజీ అనీ అర్థం, టెన్షన్ అనీ అర్థం. మనం హెచ్‌టీ లైను అంటే హై టెన్షన్ అనే కదా! ముప్పై ఏడేళ్ళు ఆ మాట వాడినవాణ్ణి, దాంతో పాటకచేరీకి పేరు పెట్టొచ్చని నాకెప్పుడూ తట్టలేదు.

ఆ గురువారం క్రీస్తు స్వర్గారోహణ పండగ. జర్మనీలో అదే రోజు నాన్నల రోజు కూడా. మగవాళ్ళు గుంపులుగా చేతిబండి లాక్కుంటూ కొండదారుల్లో నడుస్తారు. ఆ బండిలో ఉండేది బీరు. ఒక గుంపు మాకు ఎదురైంది. ఎర్రగా కందిన మొహాలు, బండికి కట్టిన స్పీకరు. నా వైపు వేలు చూపించి ఏదో అడిగారు. "మీరు నాన్నేనా అని అడుగుతున్నారు మామా" అన్నాడు అల్లుడు. తాతనయ్యి నలభై రోజులైందని చెప్పించాను. అందరూ ఒక్కసారిగా అరిచి, బండిలోంచి చల్లటి సీసా తీసి నా చేతిలో పెట్టారు. వద్దనడం మర్యాద కాదని నేను, అత్తకు చెప్పనని అల్లుడు.

రాత్రి భోజనం బఠాణీ సూప్. ఎనిమిది యూరోలు, అంటే ఎనిమిది వందల రూపాయల దాకా. చిక్కగా, గరిటె నిలబడేలా ఉంది. ఉప్పు తప్ప ఏమీ వేయని ముద్దపప్పు అనుకోండి. పైన కొండ మీద మరియావాల్డ్ అనే మఠం ఈ సూప్‌కి పేరుపొందిందని హోటలావిడ చెప్పింది. సన్యాసులు తగ్గిపోయి 2018లో ఆ మఠాన్నే మూసేశారట. మనుషులు పోయినా సూప్ మిగిలింది. నేను సంచిలోంచి మాగాయ సీసా తీసి ఒక చెంచా కలుపుకున్నాను. ఆవిడ ఒంగి వాసన చూసి, దగ్గి, రెండడుగులు వెనక్కి వేసింది.

మే 30, శుక్రవారం. వోల్‌జైఫెన్

అల్లుడు చెప్పిన చోటు వోల్‌జైఫెన్, జనాన్ని ఖాళీ చేయించిన ఊరు. అక్కడికి కారు పోదు, నడవాలి. దగ్గర్లో ఉన్న ఫోగెల్‌జాంగ్ అనే పాత నాజీ కోట దగ్గర కారు పెట్టి బయల్దేరాం. అక్కడే దారి తప్పాం. బాణం గుర్తు ఒకటి కిందికీ ఇంకోటి పక్కకీ చూపిస్తుంటే, దిగడం సులువు కదా అని దిగాం. వందకు పైగా మీటర్లు దిగాక ఉర్ఫ్ట్ రిజర్వాయరు మీద వేలాడే వంతెన కనబడింది. నిన్న చెప్పిన నీళ్ళు అవే. బాగుంది గానీ మేం చూడాల్సిన ఊరు అటు కాదు. మళ్ళీ పైకి ఎక్కేసరికి మోకాళ్ళు లెక్క అడిగాయి.

పైన మైదానమంతా పసుపు పూలే. గిన్‌స్టర్ అనే పొద. దూరం నుంచి అచ్చం తంగేడు. దీన్ని ఇక్కడివాళ్ళు 'ఐఫెల్ బంగారం' అంటారు. దారి పక్కన మాత్రం బోర్డులు గట్టిగా హెచ్చరిస్తాయి: బాట దాటొద్దు, భూమిలో పేలని గుండ్లు ఉండొచ్చు, ప్రాణాపాయం.

ఊరు వచ్చింది. వరసగా బూడిద రంగు ఇళ్ళు. కిటికీలకు రెక్కల్లేవు, తలుపుల్లేవు, గోడలు మొండిగా ఉన్నాయి. నేను ఒక ఇంటి గుమ్మం ముందు ఆగిపోయాను. లోపల చీకటి. ఇది వంటిల్లయి ఉంటుంది, ఇక్కడ పొయ్యి ఉండేదేమో, ఆ మూల తొట్టి ఉండేదేమో అనుకుంటుంటే మా అమ్మ గుర్తొచ్చింది. 1981లో మా ఇంటి ద్వారబంధం పీకి ఎద్దులబండిలో వేసేటప్పుడు, పసుపు రాసిన ఆ గడపను చీరకొంగుతో తుడిచింది. మట్టి అంటితే తీసుకుపోయిన చోట అరిష్టమని కాదు, ఎందుకు తుడిచిందో ఆమెకూ తెలియదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అల్లుడు పక్కకు వెళ్ళి ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు. మంచివాడు.

అప్పుడొచ్చాడు ఒక పెద్దాయన. చేతిలో రెండు నడక కర్రలు, నెత్తిన టోపీ. ఇక్కడ బాట మీద ఎదురైన ప్రతివాళ్ళూ పలకరించుకుంటారు, ఊళ్ళో మాత్రం ఎవరి దారి వాళ్ళది. నా మొహం చూసి ఏమిటని అడిగాడు. అల్లుడు చెప్పాడు. ఆయన నవ్వలేదు గానీ నవ్వు ఆపుకున్నాడని తెలిసింది.

"ఈ ఇళ్ళలో ఎవరూ ఎప్పుడూ కాపురం చెయ్యలేదు. ఇవి సైన్యం కట్టినవి."

బెల్జియం సైనికులకు వీధి పోరాటం నేర్పడానికి కట్టిన ఉత్తుత్తి ఇళ్ళట. ఒక జట్టు లోపల దాక్కుంటే ఇంకో జట్టు దాడి చేయడం, అంతే. నేను కన్నీళ్ళు పెట్టుకున్న వంటింట్లో ఎవరూ అన్నం వండలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో లైవ్ వైరు ఏదో డెడ్ వైరు ఏదో చూసి చెప్పినవాణ్ణి, ఇక్కడ ఇంత మోసపోయాను!

"మరి అసలు ఇళ్ళు?" అంటే ఆయన కర్రతో చుట్టూ చూపించాడు. గడ్డి దిబ్బలు, గుంటలు, ముళ్ళపొదలు. అక్కడక్కడా ముదురు ఆపిల్ చెట్టు. చెట్టున్న చోట పెరడు ఉండేదని అర్థం చేసుకోవాలి.

ఆయన వాళ్ళమ్మది ఈ ఊరే. దిబ్బల మధ్య నడుస్తూ చెప్పుకుపోయాడు, అల్లుడు తెలుగులోకి మార్చి చెప్పడానికి ఆయాసపడ్డాడు. పన్నెండో శతాబ్దం నాటి రాతల్లోనే ఈ ఊరి పేరు కనబడుతుంది. కొండ మీద చలి, గాలి, రాతి నేల. ఆవులు, ఓట్స్ ధాన్యం, బంగాళాదుంపలు. 1934లో పక్క కొండ మీద నాజీలు ఫోగెల్‌జాంగ్ కట్టడం మొదలుపెట్టారు. యుద్ధం చివర్లో, 1945 మొదట్లో, ఇక్కడ గట్టి పోరు జరిగి ఊరు చాలావరకు దెబ్బతింది. జనం తిరిగొచ్చి కప్పులు వేసుకుంటున్నారు. గెలిచిన బ్రిటిష్ సైన్యానికి ఫోగెల్‌జాంగ్ చుట్టూ ఫైరింగ్ ప్రాక్టీసుకు స్థలం కావాలి. వోల్‌జైఫెన్ సరిగ్గా ఆ మధ్యలో ఉంది.

1946 ఆగస్టు 13న ఆర్డరు వచ్చింది. సెప్టెంబరు 1 కల్లా ఊరు ఖాళీ కావాలి. సుమారు 550 మంది జనం. మూడు వారాలు కూడా నిండా లేవు, పైగా కోతల రోజులు. కోసిన ఓట్స్ ముందు మొయ్యాలా, మంచాలు ముందు మొయ్యాలా? వాళ్ళమ్మకు అప్పుడు పదకొండేళ్ళు. బండిలో కోళ్ళ గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. "కోళ్ళు తప్ప ఆమెకు ఇంకేమీ గుర్తు లేదు" అన్నాడాయన. చుట్టాలున్న ఊళ్ళకు తలా ఒక దిక్కు వెళ్ళిపోయారు. ఖాళీ ఇళ్ళు సైన్యానికి గురి చూసే దిమ్మెలయ్యాయి. 1947లో చర్చి కూడా గుండ్లు పడి కాలిపోయింది.

మాకు నోటీసులు ఏళ్ళ ముందు నుంచీ వచ్చాయి. ఎవరూ నమ్మలేదు. మూడు వారాలిచ్చినా, మూడేళ్ళిచ్చినా చివరి రోజు హడావిడి ఒకటే.

చర్చిని మళ్ళీ నిలబెట్టారు. గోడలు బాగుచేసి పైకప్పు వేశారు. లోపల దాదాపు ఖాళీ, అడుగేస్తే చప్పుడు తిరిగొస్తుంది. ఈ చర్చి సెయింట్ రోఖుస్‌ది. ప్లేగు నుంచి కాపాడే సాధువు. తొడ మీద పుండు, పక్కన నోట్లో రొట్టె పట్టుకున్న కుక్క, ఇదీ ఆయన గుర్తు. నాకు వెంటనే ఊరి పొలిమేరలో మా మారెమ్మ గుర్తొచ్చింది. జబ్బులను ఊళ్ళోకి రానివ్వని దేవత ప్రతి ఊరికీ ఉంటుంది, ఆర్డరు పట్టుకొచ్చిన జీపును ఆపే దేవతే ఎక్కడా లేదు. రోఖుస్ పండగ ఆగస్టు 16న. అంటే ఆర్డరు వచ్చిన మూడో రోజు. ఆ ఏడు పండగ ఎలా చేసుకున్నారని అడిగాను. పెద్దాయన భుజాలెగరేసి, "మూటలు కట్టుకుంటూ" అన్నాడు.

పులిహోర ముగ్గురం చర్చి మెట్ల మీద కూర్చుని తిన్నాం. పోపులో ఎండుమిరపకాయను ఆయన చెర్రీ అనుకుని కొరికాడు. ఆ తర్వాత కాసేపు సంభాషణ సాగలేదు.

మే 31, శనివారం. మళ్ళీ అక్కడే

లాడ్జిలో ఇద్దరికీ టిఫినుతో కలిపి 92 యూరోలు. టిఫినంటే రొట్టెలు, చీజు, గుడ్డు. ఇవాళ మొన్‌షావ్ అనే అందమైన పాత పట్నం చూపించాలని అల్లుడి ప్లాను. "నాయనా, ఇంకొక్కసారి వోల్‌జైఫెన్ పోదాం" అన్నాను. "నిన్ననే చూశాం కదా మామా?" "నిన్న ట్రాన్స్‌ఫార్మర్ సరిగ్గా చూళ్ళేదు." అల్లుడు నిట్టూర్చి కారు తీశాడు.

ఆ ఊరి అసలు కట్టడాల్లో నిలబడ్డవి చర్చి, బడి, ఓ చిన్న ప్రార్థన మందిరం, ట్రాన్స్‌ఫార్మర్ గది. అంతే. మన దగ్గర రెండు స్తంభాల మధ్య దిమ్మె మీద ట్రాన్స్‌ఫార్మర్ పెడతాం. వీళ్ళు దానికి సన్నగా, పొడుగ్గా ఒక బురుజు కట్టేవారు. పైన కొసన లైను లోపలికి దిగుతుంది, కింద ట్రాన్స్‌ఫార్మర్ కూర్చుంటుంది, అక్కణ్ణుంచి ఇళ్ళకు వైర్లు పోతాయి. దూరం నుంచి చూస్తే ఏ గుడి గోపురమో అనుకుంటాం. నేను దాని చుట్టూ మూడుసార్లు తిరిగాను. అల్లుడు ప్రదక్షిణ అని ఎగతాళి చేశాడు.

లైను ఎటునుంచి వచ్చేది, వీధి ఎటు పోయేది అని గోడల ముఖాలు చూసి ఊహించడానికి ప్రయత్నించాను. లోడు పోయేది ఇళ్ళకే కాబట్టి, వైర్లు ఎటు పోతే అటు జనం ఉన్నట్టు. ఇక్కడో వీధి, అక్కడో నాలుగిళ్ళు అని అల్లుడికి చెప్పాను. కొంత సరిపోయింది కూడా, అటే ఆపిల్ చెట్లున్నాయి. మా ఊళ్ళో 1981లో ముందు తీసింది సర్వీసు వైర్లే. కరెంటు పోతే మనుషులు వాళ్ళంతట వాళ్ళే కదులుతారని ఆఫీసర్ల లెక్క. రెండేళ్ళకు నేనే ఆ డిపార్టుమెంటులో చేరాను. వైరు కత్తిరించమని నాకెప్పుడు ఆర్డరు వచ్చినా, ముందు ఆ ఇంట్లో వంట అయిందో లేదో అడిగేవాణ్ణి. అది రూల్సులో లేదు.

చెట్టు దగ్గరగా చూద్దామని నాలుగడుగులు గడ్డిలోకి వేశానో లేదో, వెనక నుంచి ఒకావిడ గట్టిగా కేక వేసింది. ట్రాఫిక్ పోలీసులా చెయ్యెత్తి నిలబడింది, నేను బాట మీదికి వచ్చేదాకా దించలేదు. బాట మీదికొచ్చాక ఏమీ జరగనట్టు నవ్వి "షోనెన్ టాగ్" అని వెళ్ళిపోయింది. రోజు బాగా గడవాలని దాని అర్థం. తిట్టడం, దీవించడం రెండూ ఒక్క నిమిషంలో అయిపోయాయి.

1950లో బెల్జియం సైన్యం చేతికి వచ్చిన ఈ నేల 2005 చివర్లో గానీ ఖాళీ కాలేదు. 2006 జనవరి 1 నుంచి జనాన్ని రానిచ్చారు. అప్పటికే దీని చుట్టూ ఐఫెల్ నేషనల్ పార్కు వచ్చేసింది. ఎవరైనా తిరిగి ఇల్లు కట్టుకుంటామన్నా కుదరదు, ఇప్పుడది అడవి పిల్లుల ఊరు. అరవై ఏళ్ళు! బండిలో కోళ్ళ గంపతో కూర్చున్న పిల్లకు డెబ్బై దాటాయన్నమాట.

ఫోగెల్‌జాంగ్ కూడా చూశాం. 1936లో తెరిచిన శిక్షణ కోట, పార్టీకి రేపటి దొరలను తయారు చేయడానికి. ఇప్పుడు లోపల ఆ చరిత్ర మీద మంచి ప్రదర్శన ఉంది. రాళ్ళు బలంగా ఉన్నాయి, నాకు మాత్రం నచ్చలేదు. దొరలను తయారు చేసిన కోట నిలిచింది, ఓట్స్ పండించిన ఊరు నేలమట్టమైంది. కాఫీ తాగి వచ్చేశాం. మూడున్నర యూరోలు.

జూన్ 1, ఆదివారం. గార్ట్స్‌వైలర్ గని, కైయెన్‌బెర్గ్

ఆఖెన్ వెళ్ళే ముందు అల్లుడు కారు ఉత్తరానికి తిప్పాడు. "కరెంటు కోసం పోయిన ఊళ్ళు కూడా చూడండి మామా, మీ డిపార్టుమెంటే."

గార్ట్స్‌వైలర్ లిగ్నైట్ గని. అంచున నిలబడితే అవతలి ఒడ్డు మంచులో కలిసిపోతుంది. మెట్లు మెట్లుగా భూమిని చెక్కేశారు. కింద దాదాపు వంద మీటర్ల ఎత్తున్న తవ్వే యంత్రాలు ఆటబొమ్మల్లా కనిపిస్తాయి. సింగరేణి ఓపెన్‌కాస్టులు చూశాను గానీ ఇంత వెడల్పు చూళ్ళేదు. ఇమ్మెరాత్ అనే ఊరు ఉండేది, దాని చర్చిని రెండు శిఖరాలతో సహా 2018 జనవరిలో కూల్చారు. ల్యూట్సెరాత్ అనే ఊళ్ళో కుర్రాళ్ళు చెట్ల మీద గుడిసెలు కట్టుకుని కూర్చుంటే, 2023 జనవరిలో పోలీసులు దించి ఖాళీ చేయించారు. వోల్‌జైఫెన్‌లో కనీసం దిబ్బలున్నాయి. ఇక్కడ ఊరున్న చోట గాలి ఉంది.

కైయెన్‌బెర్గ్ సంగతి వేరు. ఈ ప్రాంతంలో బొగ్గు కరెంటు 2030కే ఆపేస్తామని 2022 అక్టోబరులో ఒప్పందం కుదిరి, ఐదు ఊళ్ళు బతికిపోయాయి. అందులో ఇదొకటి. కానీ ఆ వార్త వచ్చేసరికే చాలామంది ఇళ్ళు అమ్మేసి, కొద్ది దూరంలో కట్టించిన కొత్త కైయెన్‌బెర్గ్‌కి వెళ్ళిపోయారు. ఇళ్ళు గట్టివి, కిటికీలున్నాయి, పరదాల్లేవు. కొన్ని ఇళ్ళలో ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళను పెట్టారు. తాళం వేసిన ఇంటి పక్కన, ఊరు పోగొట్టుకొచ్చిన వాళ్ళు బట్టలు ఆరేసుకున్నారు. ఒక పాప మూడు చక్రాల సైకిలు తొక్కుతూ వీధంతా తనదే అన్నట్టు తిరుగుతోంది.

ఒక ఇంటి గోడకు మీటరు పెట్టె తలుపు తెరిచి ఉంది. వంగి చూశాను. తిరుగుతోంది.

"మామా, ఎవరన్నా చూస్తే బాగోదు" అని అల్లుడు చెయ్యి పట్టి లాగాడు.

ఊరి చివర ఒక బల్ల మీద స్ట్రాబెర్రీల బుట్టలు, పక్కన డబ్బులు వేయడానికి రేకు డబ్బా. మనిషి లేడు. అరకిలో నాలుగు యూరోలని అట్టముక్క మీద రాసుంది. నా దగ్గర ఐదు యూరోల నోటు ఉంది, చిల్లర ఇచ్చేవాళ్ళు లేరు. డబ్బా కదిపి చూశాను, లోపల నాణేలు మోగాయి. నోటు మడిచి వేసి, మిగిలిన యూరోకి బదులు నాలుగు పండ్లు పక్క బుట్టలోంచి తీసుకున్నాను. అల్లుడు అది దొంగతనమేమో అన్నాడు. ఆఖెన్ చేరేదాకా దాని మీదే వాదించుకున్నాం.

మా ఆవిడ ఒకటి కొరికి, పులుపని మొహం చిట్లించింది. రాత్రి వాటిలో బెల్లం, ఉప్పు, కారం వేసి పచ్చడి చేసింది. దొంగతనమన్న అల్లుడు రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.